పడవ మీది పేరు

ఆ రోజు నేను చేసిన తప్పుకి నిమిషం కూడా పట్టలేదు. మధ్యాహ్నం కాలేజీ ల్యాబులో కూర్చుని, క్యారియర్ విప్పి అన్నం తింటున్నాను. అవతలి బల్ల దగ్గర నుంచి మా కాలేజీ మనిషి ఒకతను ఒక అమ్మాయి పాస్‌వర్డు అడిగాడు. నోట్లో ముద్ద ఉండగానే చెప్పేశాను. సరిగా వినపడలేదన్నాడు. ముద్ద మింగి, అక్షరం అక్షరం విడదీసి, గది అంతా వినపడేట్టు మళ్ళీ చెప్పాను.

అప్పట్లో నేను టెక్కలి దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవాణ్ణి. సీట్ల కౌన్సెలింగు కొత్తగా నెట్‌లోకి వచ్చిన రోజులు. అంతకుముందు ర్యాంకు వచ్చిన పిల్లలు విశాఖపట్నం వెళ్ళి, పొద్దంతా కూర్చుని, పిలిచినప్పుడు లేచి ఏ సీటు కావాలో తమ నోటితోనే చెప్పేవారు. ఇప్పుడు ఆ పనంతా ఒక పాస్‌వర్డుతో, తెర మీద. కావలసిన కాలేజీలను ఒకదాని కింద ఒకటి వరసగా పెట్టుకోవాలి. పైన పెట్టినది దొరికితే కిందివి చూడరు. గడువు ముగిసేదాకా ఆ వరస ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పాస్‌వర్డు తెలిసినవాళ్ళు ఎవరైనా మార్చవచ్చు. ఈ చివరి మాట మేము పిల్లలకి చెప్పేవాళ్ళం కాదు.

వేసవి వస్తే మాకు పాఠాలు ఉండవు, ఊళ్ళు ఉంటాయి. ర్యాంకు వచ్చిన పిల్లల ఇళ్ళు వెతుక్కుంటూ తిరిగి, మా కాలేజీలో చేరమని అడగాలి. ఎవరు ఎంతమందిని తెచ్చారన్నదాన్ని బట్టి మళ్ళీ ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తేలుతుంది. నేను ఉద్దానం వాణ్ణే. పలాసకి అవతల మాకూ కొబ్బరిచెట్లు, కొంచెం జీడితోట ఉన్నాయి. అందుకని ఆ వైపు ఊళ్ళన్నీ నాకే అప్పగించారు. ఎండలో బండి మీద ఇసక దారుల్లో తిరిగి ఏ ఇంటి ముందు ఆగినా, ముందు కొబ్బరిబొండం కొట్టి ఇచ్చేవారు. తర్వాత మా నాన్న ఎవరో, మా అమ్మది ఏ ఊరో అడిగేవారు. ఏదో ఒక చుట్టరికం వరస తగిలేది. వరస తగిలాక ఇంక అడగవలసింది ఏమీ ఉండేది కాదు. పిల్లల సర్టిఫికెట్లు తెచ్చి నా చేతిలో పెట్టేసేవారు. "మీ దగ్గరే ఉంచండి బాబూ, మాకేటి తెలుసు" అనేవారు. ఆ మాట విని నేను సంతోషించేవాణ్ణి. నన్ను నమ్ముతున్నారు కదా అని.

కాలేజీ ల్యాబులో ఉచితంగా ఆప్షన్లు పెట్టి ఇస్తామని టెక్కలి బస్టాండులో బ్యానరు కట్టారు. పిల్లలు వచ్చేవారు. పాస్‌వర్డు పెట్టుకోమని పేజీ అడిగితే, ఏం పెట్టమంటారు సార్ అని నా మొహం చూసేవారు. నేనే ఒక పద్ధతి కనిపెట్టాను. ఊరి పేరు, దాని వెనక హాల్‌టికెట్టు చివరి అంకెలు. పిల్లలు మర్చిపోరు, నాకూ గుర్తు పెట్టుకునే బాధ ఉండదు. మనిషి ఊరు తెలిస్తే చాలు, వాడి పేజీ తెరవొచ్చు. అప్పుడు అది నాకు తెలివిగానే తోచింది.

భావనపాడు నుంచి ఒక అమ్మాయి, వాళ్ళ నాన్న వచ్చారు. ఆయన సముద్రంలో చేపల వేటకి వెళ్ళే మనిషి. ల్యాబు గుమ్మంలోనే చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. అమ్మాయి ర్యాంకు చూశాను. మంచి ర్యాంకు.

"మేష్టారూ, మా గుంటకి యూనివర్సిటీలో వొత్తాదేటి?" అన్నాడాయన.

"వచ్చే ర్యాంకేనండీ."

"వొత్తే పంపిత్తాను. రాకపోతే మరి సదువూ లేదు, గిదువూ లేదు. దానికి ముందే సెప్పీసినాను. యూనివర్సిటీ అంటే గవర్నమెంటుది. నాను సంద్రం మీదున్నా పిల్ల గురించి బెంగుండదు." తర్వాత కంప్యూటరు వైపు అనుమానంగా చూసి, "ఈ పెట్టిలోంచి సీటు వొత్తాదంటే నాకు నమ్మకం లేదు గానీ, మీ మీద ఉన్నాది" అన్నాడు.

అమ్మాయి కుర్చీలో కూర్చుంది. పాస్‌వర్డు దగ్గర నేను అలవాటుగా, "మీ ఊరి పేరు కొట్టమ్మా, వెనక అంకెలు" అన్నాను.

"అందరిదీ ఇదేనా సార్?"

"ఊళ్ళు వేరు కదా."

ఆమె ఒక క్షణం ఆలోచించి, ఎడమ చెయ్యి కీబోర్డుకి అడ్డం పెట్టుకుని, కుడి చేతి ఒక్క వేలితో ఏదో కొట్టింది. వచ్చిన పిల్లల్లో చెయ్యి అడ్డం పెట్టుకున్నది ఆమె ఒక్కతే.

"ఏం పెట్టావు?" అన్నాను.

"సెప్పాలేటి సార్?"

"మర్చిపోయావంటే మళ్ళీ శ్రీకాకుళం కౌన్సెలింగు సెంటరుకి తిరగాలి. నాకు చెప్తే ఎక్కడికీ పోదు."

ఆమె వాళ్ళ నాన్న వైపు చూసింది. "సెప్పీయే, మేష్టారే కదా" అన్నాడాయన. ఆమె లేచి నా దగ్గరికి వచ్చి, పక్కవాళ్ళకి వినపడకుండా ఒక పేరు చెప్పింది. "మా నాన్న పడవ మీద రాసిన పేరు సార్. అన్నీ సిన్న అచ్చరాలే. మజ్జిన ఖాళీ లేదు."

కాలేజీల కోడు నంబర్లు నేను చూపిస్తుంటే, వరస ఆమే ఒక్క వేలితో కొట్టి పెట్టుకుంది. మొదట విశాఖపట్నంలోని యూనివర్సిటీ కాలేజీ, కంప్యూటర్లు. దాని కింద అదే కాలేజీలో వేరే బ్రాంచీలు. ఎక్కడో చివర మా కాలేజీ. ఇద్దరూ నాకు దండం పెట్టి బస్సుకి వెళ్ళిపోయారు.

గడువు ముగిసే రోజు మధ్యాహ్నమే నేను మొదట రాసిన సంగతి జరిగింది. అడిగినతను మా కాలేజీలో అడ్మిషన్లు చూసేవాడు, కాశీబుగ్గ మనిషి. మాకు చుట్టరికం ఏమీ లేదు, అయినా అందరినీ పిలిచినట్టే నన్నూ బావా అని పిలిచేవాడు. మిగిలిన పిల్లల పేజీలు అతను నన్ను అడగకుండానే తెరుస్తున్నాడని నాకు తెలుసు. నేను కనిపెట్టిన పద్ధతి అతనికీ వచ్చేసింది. ఆమె పేజీ ఒక్కటే తెరుచుకోలేదు.

"బావా, ఆ భావనపాడు గుంట పాస్‌వర్డేటి? ఊరి పేరు కొడితే రాటం లేదు."

"ఎందుకు?"

"ఏదో కాలేజీ కోడు తప్పు పడ్డాదంట. సరిసేసి పెట్టేత్తాను. నువ్వు తిను, నువ్వు తిను."

కోడు తప్పు పడే అవకాశం లేదు. ఆమె కోడులన్నీ నేనే రెండుసార్లు చూశాను. ఆ మాట అనవచ్చు. అంటే లేచి వెళ్ళి చూడాలి. చూస్తే అతనితో గొడవ పడాలి. గొడవ పడితే ప్రిన్సిపాలు గదికి వెళ్ళాలి. పొద్దున్నుంచీ మనుషులు వస్తూ పోతూ ఉన్నారు, నాకు నడుము పడిపోయి ఉంది. అడిగితే తెలుస్తుందని అడగలేదు. ఆమె నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పిన మాటని అన్నం తింటూ అరిచాను. చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీ లేదు అని కూడా చెప్పాను.

సీట్లు వచ్చిన రోజు తండ్రీకూతుళ్ళు మళ్ళీ ల్యాబుకి వచ్చారు. పేజీ నేనే తెరిచాను. సీటు మా కాలేజీలో వచ్చింది. ఆమె పెట్టిన వరస చూశాను. అన్నిటికన్నా పైన మా కాలేజీ ఉంది, యూనివర్సిటీ దాని కింద ఉంది. అమ్మాయి తెర వైపు చాలాసేపు చూసి, చిన్న గొంతుతో అంది.

"నానే తప్పు నొక్కీసినానేటి సార్?"

అప్పుడైనా చెప్పవచ్చు. పక్కనే వాళ్ళ నాన్న ఉన్నాడు, ఇంకో నలుగురు పిల్లలు ఉన్నారు, అద్దం తలుపు అవతల అడ్మిషన్లు చూసేవాడు ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"కంగారులో ఒక్కోసారి జరుగుతుందమ్మా" అన్నాను.

పాస్‌వర్డు చెప్పడం బద్ధకం వల్ల చేసిన తప్పు అని సరిపెట్టుకుంటానేమో గానీ, ఈ మాటకి సరిపెట్టుకునే దారి నాకు ఇప్పటికీ దొరకలేదు.

"అయితే నాకు కంప్యూటర్ల సదువు వొద్దులెండి. ఒక్క పేజీయే సరిగ్గా నొక్కలేకపోనాను" అంది. వాళ్ళ నాన్న నన్ను ఏమీ అనలేదు. "పదే, బస్సెల్లిపోద్ది" అన్నాడు. గుమ్మం దాటాక ఆమెని ఏదో అనడం వినపడింది. మాటలు తెలియలేదు, గొంతు తెలిసింది.

సాయంత్రం అతన్ని అడిగాను. అతను దాచలేదు.

"మన కాలేజీలో సేరితే పిల్లకి వొచ్చిన నట్టమేటి బావా? బస్సు ఆల్ల ఊరి దాకా ఎల్తాది. విశాపట్నంలో హాస్టల్ కూడు తప్పించినాను. నాకు దండమెట్టాలి."

"ఆమె వరస మార్చడానికి నువ్వెవరు?"

"నానెవులినా? మరి పాస్‌వర్డు సెప్పింది ఎవులు? నాను గోడ దూకినానేటి? తలుపు నువ్వే తీసినావు, నువ్వే రమ్మన్నావు." నవ్వాడు. నా భుజం తట్టి టీ తాగుదాం రమ్మన్నాడు. వెళ్ళలేదు. నేను చేసిందల్లా అంతే, టీ తాగడానికి వెళ్ళకపోవడం.

ప్రిన్సిపాలుకి చెప్పాను. చూద్దాం అన్నారు. వెంటనే భావనపాడు వెళ్ళానని రాయాలని ఉంది, కాని వెళ్ళలేదు. రోజూ వెళ్దామనుకుంటూ ఇంటికి వచ్చేవాణ్ణి. రెండో విడత కౌన్సెలింగు ఉంటుందని పేపర్లో పడ్డాక ఇంక ఆగడానికి వీల్లేకపోయింది. అప్పటికీ నేరుగా వాళ్ళింటికి వెళ్ళే ధైర్యం లేక, ముందు శ్రీకాకుళం సెంటరుకి వెళ్ళాను. అక్కడ చెప్పి పాత వరస మళ్ళీ పెట్టిస్తే, పని అయిపోయాక వాళ్ళకి చెప్పవచ్చు అనుకున్నాను. అప్పుడు చెప్పడం తేలిక.

అక్కడి ఆఫీసరు అలిసిపోయిన మనిషి. ఆయన ముందు కూడా జనం ఉన్నారు.

"ఆమె పాస్‌వర్డుతో మార్చారా?"

"అవునండీ. కాని మార్చింది ఆమె కాదు."

"మాకు ఆమే. పాస్‌వర్డు వేసినవాళ్ళు ఎవరైనా మాకు ఆమే. మీరు లెక్చరర్ అంటున్నారు, ఈపాటి తెలియదా?"

తెలుసు. క్లాసులో బోర్డు మీద రాసి మరీ చెప్పిన పాఠం అది.

"పోయిన సీటు నేను తేలేను. రెండో విడతలో ఏమైనా మిగిలితే వస్తుంది. ముందు ఆ పాస్‌వర్డు మార్పించండి" అని ఆయన వెనకాల మనిషిని పిలిచాడు.

నౌపడ ఉప్పుమళ్ళ మీదుగా భావనపాడు వెళ్ళాను. ఎండకి మళ్ళన్నీ తెల్లగా మెరుస్తూ కళ్ళు తెరవనివ్వలేదు. ఒడ్డున ఎండబెట్టిన చేపల పక్కనుంచి నడిచాను. తాటాకు పాక నీడలో నలుగురైదుగురు కూర్చుని వల బాగుచేసుకుంటున్నారు. అందులో అమ్మాయి వాళ్ళ నాన్న ఉన్నాడు. పాక పక్కన ఒడ్డు మీదికి లాగిన పడవ ఉంది. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలతో పేరు. ల్యాబులో నేను అరిచిన పేరే. దాన్ని చూడకుండా నిలబడడానికి చోటు లేదు.

వాళ్ళలో ఒకడు నన్ను గుర్తుపట్టాడు. "అదుగో, సీట్లమ్మే మేష్టారొచ్చినాడు! ఈసారి ఎవులికి తెచ్చినావు బాబూ? మా మేకకి ర్యాంకొచ్చినాది, దానికేటైనా సూడు."

అందరూ నవ్వారు. అమ్మాయి వాళ్ళ నాన్న నవ్వలేదు. "ఎండలో ఏల, ఇంటికాడికి పదండి" అన్నాడు. ఇంటికి వెళ్తే బాగుండును, అక్కడ వినేవాళ్ళు తక్కువ. కాని ఆయన కూతురికి యూనివర్సిటీలో సీటు వస్తుందని ఈ పాకలోనే అందరికీ చెప్పుకుని ఉంటాడు. ఆమె తప్పు నొక్కిందని నవ్వినవాళ్ళూ వీళ్ళే అయి ఉంటారు.

"ఇక్కడే చెప్తానండీ. మీ అమ్మాయి తప్పు నొక్కలేదు. ఆమె సరిగ్గానే పెట్టింది. ఆమె పాస్‌వర్డు నేను ఇంకొకతనికి చెప్పాను. అతను మార్చాడు. మార్చాడని ఆ రోజు నాకు తెలుసు, తెలిసీ మీకు చెప్పలేదు."

మేక మాట అన్నవాడు వల వైపు చూస్తూ ఉండిపోయాడు. అమ్మాయి వాళ్ళ నాన్న చేతిలో దారం ముడి పూర్తి చేసి, పళ్ళతో తెంపాడు.

"అయితే పెట్టి తప్పు కాదన్నమాట" అన్నాడు.

"కాదండీ."

"పెట్టిని నమ్మలేదు. మిమ్మల్ని నమ్మినాను." వల పక్కకి నెట్టి, "మరి నా కూతుర్ని నాను తిట్టినాను మేష్టారూ. నిన్న కూడా తిట్టినాను. ఆ తిట్లు ఇప్పుడు ఎవులు తీసుకుంతారు?" అన్నాడు.

ఈ మాటలు వింటూ అమ్మాయి ఎప్పుడు వచ్చిందో పాక పక్కన నిలబడి ఉంది. చేతులకి ఉప్పు అంటుకుని ఉంది.

"ఆ రోజు మీకు తెలుసేటి సార్?"

"తెలుసమ్మా."

"తెలిసీ కంగారులో జరుగుద్ది అన్నారు."

"అన్నాను."

ఆమె వెనక్కి తిరిగి ఇంటి వైపు వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్నకి రెండో విడత గురించి చెప్పాను. కోరుకున్న సీటే వస్తుందని మాట ఇవ్వలేనని కూడా చెప్పాను. ఆయన విని, "మళ్ళీ మీ కాలేజీకేటి?" అన్నాడు.

"వద్దు. టెక్కలిలో నెట్ సెంటరుకి రండి. నేను అక్కడ దగ్గర ఉంటాను, పక్కన ఉండను."

"మీరు రాకపోతే?"

"వస్తానండీ."

"ఆ మాటా మిమ్మల్ని నమ్మి వినాలి కదా" అన్నాడు. కోపంగా అనలేదు. అదే కష్టంగా ఉంది.

రెండో విడత మొదలైన రోజు పొద్దున్నే నేను నెట్ సెంటరు ముందు నిలబడి ఉన్నాను. వాళ్ళు బస్సు దిగి వచ్చారు. లోపల కర్టెన్లు కట్టిన చిన్న చిన్న గదులు. పాస్‌వర్డు ఎక్కడ మార్చుకోవాలో, వరస ఎలా పెట్టాలో, చివర పేజీ మూసే ముందు బయటికి రావడానికి ఏది నొక్కాలో ఒకసారి చెప్పాను. అప్పటిదాకా ఏ విద్యార్థికీ ఈ చివరి సంగతి నేను చెప్పలేదు. చెప్పి బయటికి వచ్చి, రోడ్డు వైపు తిరిగి ఎండలో నిలబడ్డాను. ఒక్క వేలితో కొట్టే అమ్మాయి, చాలాసేపు పట్టింది. ఒకసారి లోపలికి వెళ్దామనిపించింది. వెళ్ళలేదు.

ఆమె బయటికి వచ్చి, "అయిపోనాది" అంది. సార్ అనలేదు.

వాళ్ళ నాన్న, "పడవ పేరు మార్చీసినావా? ఇప్పుడేటి పెట్టినావే?" అన్నాడు.

"నీకూ సెప్పను నానా."

ఆయన ఉన్నట్టుండి నవ్వాడు. "ఇనారా? నాకూ సెప్పదంట! ఆళ్ళమ్మకి సెప్తాదో లేదో!" సీట్లు వచ్చిన రోజు తర్వాత ఆయన నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి. నవ్వు నాకోసం కాదు. అయినా కాసేపు అక్కడే నిలబడ్డాను.

రెండో విడతలో ఆమెకి యూనివర్సిటీ కాలేజీలోనే సీటు వచ్చింది. కంప్యూటర్లు కాదు, సివిల్. కంప్యూటర్ల సీట్లు అప్పటికే నిండిపోయాయి. వాళ్ళ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. పంపిస్తున్నాను అన్నాడు. ఫోన్ అమ్మాయికి ఇవ్వమంటారా అని ఆయన అడగలేదు, ఇమ్మని నేనూ అడగలేదు. ఆమె ఇల్లు కడుతుందో వంతెన కడుతుందో గానీ, చదవాలనుకున్నది మాత్రం చదవలేదు. అది నా వల్ల.

ఆ రెండో విడత గడువు ముగిసేలోపే, వేసవిలో తిరిగిన ఊళ్ళన్నీ మళ్ళీ తిరిగాను. అవే ఇసక దారులు, అవే జీడితోటలు. బొండం ఇస్తే తాగలేదు. మీ పాస్‌వర్డు నాకు తెలుసు, నాకు తెలియడమే తప్పు, ఇవాళే వెళ్ళి మార్చుకోండి, కొత్తది నాక్కూడా చెప్పకండి అన్నాను. కొంతమంది నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. ఒక పెద్దావిడ, "మనోడివే కదా నాయనా, నీకు తెలిస్తే మాకేటి పోద్ది?" అంది. ఏం పోయిందో ఆమెకి మొదటినుంచీ చెప్పాను. అలా ప్రతి ఇంటి ముందూ చెప్పాల్సి వచ్చింది. ఎన్నిసార్లు చెప్పినా చెప్పడం తేలిక కాలేదు. కొందరి సీట్లు అప్పటికే మారిపోయి ఉన్నాయి. వాళ్ళలో అందరూ రెండో విడతకి రాలేదు. బస్సు ఇంటి దాకా వస్తుంది కదా అని మా కాలేజీలోనే చేరారు. వాళ్ళకి తర్వాత నేనే పాఠాలు చెప్పాను.

ఉద్యోగం వదిలేశానని రాస్తే బాగుంటుంది. వదలలేదు. ఇంకో కాలేజీ దొరికేదాకా రెండేళ్ళు అక్కడే పనిచేశాను. ల్యాబులో నా కుర్చీ మాత్రం మార్చాను. ఆప్షన్లు పెట్టుకోవడానికి పిల్లలు వస్తే, ఒక్కొక్కరికి పద్ధతి చెప్పి, పాస్‌వర్డు కొట్టే సమయానికి కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చునేవాణ్ణి. తండ్రులనీ అన్నలనీ కూడా అటే తిరగమనేవాణ్ణి. అడ్మిషన్లు చూసేవాడు గుమ్మంలోంచి చూసి, "గోడకి పాఠం సెప్తన్నావేటి బావా?" అనేవాడు. అవుననేవాణ్ణి. వెనక ఎవరో పిల్ల భయంభయంగా ఒక్కొక్క అక్షరం కొడుతూ ఉండేది. మధ్యలో ఆగేది, మళ్ళీ కొట్టేది. "తిరగొచ్చు సార్" అని తనంతట తాను చెప్పేదాకా ఆ సున్నం గోడనే చూస్తూ కూర్చునేవాణ్ణి.